మనసు కుదుటపడాలంటే: మంచి భావాలు, సొంత బలాలతో ఎనిమిది వారాల సాధన

ఆదివారం వికారాబాద్ వైపు ఏ రిసార్ట్‌కో వెళ్లొస్తే మనసు తేలికపడుతుంది. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర మూడోసారి సిగ్నల్ ఎర్రబడేసరికి ఆ తేలికంతా ఆవిరైపోతుంది. రిసార్ట్ తప్పేమీ లేదు. అక్కడ ఎవరైనా ప్రశాంతంగానే ఉంటారు. మనకు ప్రశాంతత అవసరమయ్యేది ఈ సిగ్నల్ దగ్గర, అత్తాకోడళ్లకు మాటా మాటా పెరిగే వంటింట్లో, రాత్రి ఎనిమిదిన్నరకి క్లయింట్ కాల్‌లో. కాబట్టి సాధన కూడా అక్కడే జరగాలి.

ఇందులో చేసే పని మూడు రకాలు. రోజులో మనసు ఎక్కువగా చెదిరే గంటను పట్టుకోవడం, మీ స్వభావంలో ఇప్పటికే ఉన్న బలాన్ని ఆ గంటలో వాడటం, మిగతా రోజంతా వచ్చిపోయే మంచి భావాలను గమనించకుండా వదిలేయకపోవడం. ఒక నోట్‌బుక్, రోజుకు పది పదిహేను నిమిషాలు ఉంటే చాలు.

ముందుగా కాస్త నేపథ్యం

1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా ఉన్న మార్టిన్ సెలిగ్‌మన్ ఒక వాదన ముందుకు తెచ్చారు. మానసిక శాస్త్రం జబ్బులను మాత్రమే చూస్తే సరిపోదు, మనిషి బాగా బతకడానికి ఏం తోడ్పడుతుందో కూడా అంతే శ్రద్ధగా చూడాలి అన్నారు. పాజిటివ్ సైకాలజీ ఊపందుకున్నది అప్పటి నుంచే. అదే ఏడాది బార్బరా ఫ్రెడ్రిక్సన్ అనే పరిశోధకురాలు ఇంకో ప్రశ్న వేశారు. భయం వేస్తే పారిపోతాం, కోపం వస్తే తిరగబడతాం, రెండూ ప్రాణం కాపాడేవే. మరి సంతోషం, కుతూహలం, నెమ్మది వీటివల్ల ఏం ఉపయోగం? ఆమె చెప్పిన జవాబు ఇది: భయం, కోపం మన చూపును ఒక్క విషయం మీదే బిగించేస్తాయి. మంచి భావాలు ఆ బిగింపును సడలిస్తాయి, వేరే దారులు కనిపించేలా చేస్తాయి. అలా కొన్నాళ్లు సాగితే స్నేహాలు, నైపుణ్యాలు, తట్టుకునే శక్తి పోగుపడతాయి.

ఆమె బృందం చేసిన ఒక ప్రయోగం మన పనికి బాగా దగ్గరగా ఉంటుంది. కొందరిని పిలిచి, అప్పటికప్పుడు ఉపన్యాసం తయారుచేయాలి, వీడియో తీస్తాం అని చెప్పారు. అందరికీ గుండె దడ, బీపీ పెరిగాయి. ఆ వెంటనే తలో చిన్న వీడియో చూపించారు. ఆహ్లాదంగా, సరదాగా ఉన్నవి చూసినవాళ్ల గుండె త్వరగా మామూలు స్థితికి వచ్చింది. ఏ భావమూ కలిగించని వీడియో చూసినవాళ్లకు అంతకంటే ఎక్కువ సేపు పట్టింది, విషాదం చూసినవాళ్లకు మరీ ఎక్కువ. అంటే మంచి భావం టెన్షన్‌ను రాకుండా ఆపదు, వచ్చిన టెన్షన్‌ను త్వరగా దించుతుంది. ఈ సాధన నుంచి అంతవరకే ఆశించండి. అది చిన్న విషయమేమీ కాదు.

ఒక చెడు భావానికి మూడు మంచి భావాలు ఉండాలనే లెక్క ట్రైనింగ్ సెషన్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. 2005లో వచ్చిన ఆ లెక్క వెనకున్న గణితమే తప్పని 2013లో తేలింది. రోజూ సాయంత్రం కూర్చుని మూడుకొకటి కుదిరిందా లేదా అని చూసుకుంటే అదో కొత్త టెన్షన్.

మొదటి అడుగు: మీ గంట ఏదో పట్టుకోండి

వారం పాటు, మనసు చెదిరిన ప్రతిసారీ ఫోన్లో ఒక్క లైను రాయండి. టైము, చోటు, జరిగింది, ఒంట్లో ఏమైంది. "ఆఫీసు టెన్షన్" అని రాస్తే ఉపయోగం లేదు. ఇలా ఉండాలి: "మంగళవారం 7:40. కింద స్కూల్ బస్సు హారన్ కొడుతోంది. చిన్నోడికి ఒక సాక్సు దొరకలేదు, మంచం కింద దూరాడు. గట్టిగా అరిచాను. దవడలు బిగుసుకుపోయాయి." ఇందులో అయితే మార్చగలిగింది కనిపిస్తుంది.

వారం గడిచాక చదివితే, రోజంతా అల్లకల్లోలంగా ఉందనుకున్నది నిజానికి ఒకటి రెండు గంటల వ్యవహారమని చాలామందికి అర్థమవుతుంది. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూసే పొద్దుటి పూట కావచ్చు. అమీర్‌పేటలో మెట్రో మారేటప్పటి తోపులాట కావచ్చు. ఊళ్లో ఉన్న నాన్నగారు ఫోన్ చేసి "ఏం లేదులే, ఊరికే చేశా" అని మాట తిప్పేసే ఆదివారం సాయంత్రం కావచ్చు. వీటిలో ఒక్కటి ఎంచుకోండి. అన్నిటికంటే పెద్దది వద్దు, తరచుగా వచ్చేది తీసుకోండి. సాధనకు రోజూ అవకాశం దొరకాలి కదా.

ఇక్కడే ఒక జాగ్రత్త. కొన్ని గంటలు ఓర్చుకోవాల్సినవి కావు, మార్చాల్సినవి. రోజూ రాత్రి పదిన్నర దాకా కాల్స్ ఉంటే దానికి జవాబు మేనేజర్‌తో మాట్లాడటం. ఇంట్లో ఎవరైనా మీ మీద చెయ్యి చేసుకుంటుంటే అది మీరు మనసు సరిచేసుకోవాల్సిన సమస్యే కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. ప్రశాంతత పేరు చెప్పి అన్యాయాన్ని భరించమనే సలహాలు మన దగ్గర ఇప్పటికే ఎక్కువ.

రెండో అడుగు: మీ బలాల పట్టీ

2004లో క్రిస్టఫర్ పీటర్సన్ అనే పరిశోధకుడు, సెలిగ్‌మన్ కలిసి దేశాలు, మతాలు, తత్వాలు మెచ్చుకున్న గుణాలను వడపోసి 24 బలాలను ఆరు గుంపులుగా ఇచ్చారు. తెలివికి సంబంధించినవి సృజన, కుతూహలం, వివేచన, నేర్చుకోవాలనే తపన, విశాల దృష్టి. ధైర్యం కిందకు వచ్చేవి సాహసం, పట్టుదల, నిజాయితీ, ఉత్సాహం. మనుషులతో మెలిగేటప్పుడు కనిపించేవి ప్రేమ, దయ, ఎదుటివారి మనసెరగడం. నలుగురి మధ్య న్యాయంగా ఉండటానికి కలిసి పనిచేయడం, న్యాయబుద్ధి, నాయకత్వం. హద్దులో ఉంచేవి క్షమ, వినయం, ఆచితూచి నడుచుకోవడం, నిగ్రహం. మనకంటే పెద్దదానితో కలిపేవి అందాన్ని మెచ్చుకోవడం, కృతజ్ఞత, ఆశ, హాస్యం, ఆధ్యాత్మికత.

వీఐఏ (VIA) సర్వే పేరుతో ఆన్‌లైన్‌లో ఉచిత ప్రశ్నావళి ఉంది. పావుగంటలో అయిపోతుంది. 24 బలాలను మీకు వర్తించే వరుసలో పెట్టి చూపిస్తుంది. మార్కుల మెమో చూసి చూసి అలవాటైపోయిందేమో, మనవాళ్లు ముందు చివరి పేర్లే చూస్తారు. అవి తక్కువ వాడే బలాలు, ఫెయిలైన సబ్జెక్టులు కావు. మీకు కావాల్సింది మొదటి ఐదు.

ప్రశ్నావళి నచ్చకపోతే ఇంకో దారి ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. మిమ్మల్ని బాగా ఎరిగిన ముగ్గురిని అడగండి. ఇంట్లో ఒకరు, పాత స్నేహితుల్లో ఒకరు, పనిలో ఒకరు. "నా బలాలేంటి?" అంటే ఇంటర్వ్యూలా ఉంటుంది, "నువ్వు చాలా మంచోడివి" అని తప్పించుకుంటారు. "అక్కా, నేను మంచి ఊపులో ఉన్నప్పుడు ఎలా ఉంటాను? ఒక్క సంగతి గుర్తుచేసి చెప్పు" అని అడగండి. సంగతి చెప్పడం మొదలుపెట్టాక బలం పేరు దానంతటదే బయటపడుతుంది. "మామయ్య ఆపరేషన్ అప్పుడు అందరూ ఏడుస్తుంటే నువ్వొక్కదానివే నర్సుతో మాట్లాడి ఏ మందు ఎప్పుడో కాగితం మీద రాసుకున్నావు" అంటే అందులో వివేచన ఉంది, ప్రేమా ఉంది.

వచ్చిన పేర్లలో నిజంగా మీదేదో తేల్చుకోవడానికి రెండు గుర్తులు చాలు. అది వాడుతున్నప్పుడు "ఇదీ నేనంటే" అనిపించాలి. వాడిన తర్వాత నీరసం రాకుండా హుషారు రావాలి. మీరు ఎంతో క్రమశిక్షణతో ఉంటారని లోకమంతా అనొచ్చు, మీకు మాత్రం అది ప్రాణం తోడేస్తుంటే అది అలవాటు, మీ ముఖ్యమైన బలం కాదు.

మూడో అడుగు: బలాన్ని ఆ గంటలోకి తీసుకెళ్లండి

అసలు పని ఇక్కడే. 7:40 సాక్సు గొడవనే తీసుకుందాం. గంట ఒకటే, మీలో ఉన్న బలాన్ని బట్టి దారి మారుతుంది.

హాస్యం మీ బలమైతే, సాక్సు మాయమవడం ఒక పోలీసు కేసు అయిపోవచ్చు. "సార్, నిన్న రాత్రి 9 గంటలకు ఎడమ సాక్సును చివరిసారిగా సోఫా పక్కన చూశారు" అని మీరు మొదలుపెడితే పిల్లవాడు నవ్వుతూ వెతుకుతాడు. ఐదు నిమిషాలు ఎలాగూ పోతాయి, అరుపులతో పోవడం వేరు, ఇలా పోవడం వేరు. న్యాయబుద్ధి మీ బలమైతే అసలు ప్రశ్న సాక్సు కాదు. టిఫిన్ బాక్స్, నీళ్ల సీసా, యూనిఫాం, జడ, పాల ప్యాకెట్లు, ఇవన్నీ ఎవరి చేతుల మీదుగా జరుగుతున్నాయో కాగితం మీద రాయండి. పేపర్ పట్టుకుని కూర్చున్న మనిషి పేరు పక్కన ఎన్ని పనులున్నాయో ఇద్దరూ చూడండి. ఆ కాగితం చేసే పని అరుపు చేయలేదు. విశాల దృష్టి ఉన్నవాళ్లు రాత్రే అన్నీ తలుపు పక్కన పెట్టే పద్ధతి కనిపెడతారు. దయ బలమైనవాళ్లు బస్సు డ్రైవరు తొందర ఏమిటో ఒక్క క్షణం ఊహించుకుంటారు. అతనికి ఇంకా ఎన్నో స్టాపులున్నాయి, ఎక్కడ ఆలస్యమైనా ఫోన్లు అతనికే.

అందరికీ ఒకే సలహా, అంటే "లోతుగా ఊపిరి పీల్చుకోండి, పది అంకెలు లెక్కపెట్టండి", ఎందుకు నిలవదో దీన్నిబట్టే తెలుస్తుంది. అది నిగ్రహం ఉన్నవారి మార్గం. నిగ్రహం 24లో 22వ స్థానంలో ఉన్న మనిషి దాన్ని నాలుగు రోజులు చేసి వదిలేస్తాడు, పైగా తనకు ఓర్పు లేదని బాధపడతాడు. మీకు సులువుగా వచ్చే గుణంతోనే లోపలికి వెళ్లండి.

ట్రాఫిక్‌కూ ఇదే వర్తిస్తుంది. కుతూహలం ఉన్నవారు దారిలో రోజూ ఒక కొత్త బోర్డు చదవొచ్చు. నేర్చుకునే తపన ఉంటే ఆ నలభై నిమిషాలు ఏదైనా వినడానికి కేటాయించొచ్చు, ఒకే సబ్జెక్టు నెలపాటు. ఆధ్యాత్మికత బలమైతే సిగ్నల్ పడినప్పుడల్లా మనసులో ఒక స్తోత్రమో ఒక దువానో చదువుకోవచ్చు.

చేసే పద్ధతి ఇది. ముందు రోజు రాత్రే ఒక వాక్యం రాసుకోండి, "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అని. "రేపు సిగ్నల్ రెండోసారి ఎర్రబడితే, ఫోన్ తీయకుండా పక్క ఆటో వెనక రాసింది చదువుతాను." కోపం వచ్చాక ఆలోచించి నిర్ణయం తీసుకునేంత తీరిక బుర్రకు ఉండదు, అందుకే ముందే తేల్చి పెట్టుకోవడం. వారం పాటు రోజుకొక కొత్త విధంగా అదే బలాన్ని వాడండి. ఈ "కొత్త విధంగా" అన్నది ముఖ్యం. 2005లో సెలిగ్‌మన్ బృందం ఇంటర్నెట్ ద్వారా 577 మందితో మొదలుపెట్టిన అధ్యయనంలో ముఖ్యమైన బలాన్ని వారం పాటు రోజూ కొత్తగా వాడినవారిలో సంతోషం పెరిగి, దిగులు తగ్గింది. ఆ మార్పు ఆరు నెలల దాకా కనిపించింది.

నాలుగో అడుగు: రాత్రి మూడు మంచి సంగతులు

అదే అధ్యయనంలో ఆరు నెలలు నిలిచిన రెండో సాధన ఇది. పడుకునే ముందు ఆ రోజు బాగా జరిగిన మూడు సంగతులు, ఒక్కోటీ ఎందుకు జరిగిందో రాయాలి. ఎక్కువమంది ఆ "ఎందుకు" వదిలేస్తారు. అది వదిలేస్తే మిగిలేది లిస్టు మాత్రమే. ఒక మామూలు రోజు పేజీ ఇలా ఉండొచ్చు:

"చింతచిగురు పప్పు బాగా కుదిరింది. ఎందుకంటే మోండా మార్కెట్లో చిగురు లేతగా దొరికింది, పోపు మాడకుండా పక్కనే నిలబడ్డాను.

కొండాపూర్ బస్సులో సీటు దొరికింది. ఎందుకంటే దిగబోతున్న అమ్మాయి నన్ను చూసి సైగ చేసింది. నా చేతిలో బరువు సంచి ఉందని గమనించినట్టుంది.

మామయ్య బీపీ మాత్ర అడక్కుండానే వేసుకున్నారు. ఎందుకంటే డబ్బా టీవీ రిమోట్ పక్కన పెట్టాను."

మూడింటిలోనూ కారణం చూడండి. ఒకదాంట్లో తన శ్రద్ధ, ఒకదాంట్లో ముక్కూమొహం తెలియని మనిషి మంచితనం, ఇంకోదాంట్లో ఒక చిన్న ఉపాయం. ఇలా రాస్తూ పోతే మంచి అనేది అదృష్టం కొద్దీ రాలిపడదని, దానికి కారణాలున్నాయని, వాటిలో కొన్ని తన చేతిలోనివేనని మనసుకు మెల్లగా పట్టుబడుతుంది. ఏమీ బాగా జరగని రోజూ ఉంటుంది. ఆ రోజు "కరెంటు పోలేదు" అని రాసినా ఫర్వాలేదు, కారణం మాత్రం రాయండి.

మొదటి వారం రోజూ రాయండి. తర్వాత వారానికి ఒకసారి చాలు. కృతజ్ఞత మీద సోన్యా ల్యుబోమిర్‌స్కీ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు చేసిన పరిశీలనలో వారానికి ఒకసారి రాసినవారికే మేలు జరిగింది, మూడుసార్లు రాసినవారికి జరగలేదు. రోజూ చేసే పూజలో మంత్రం నోటికి వచ్చేసి మనసు ఎక్కడో తిరగడం మనకు తెలిసిందే.

ఐదో అడుగు: ఉన్నదాన్ని ఉన్నప్పుడే రుచి చూడటం

దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. రోజుకు ఒకసారి, ఒక చిన్న సుఖం, ఫోన్ లేకుండా. ఇరానీ హోటల్లో చాయ్ తాగుతుంటే చాయే తాగండి. సాసర్ వేడి, ఉస్మానియా బిస్కెట్‌లో ఉప్పూ తీపీ ఒకేసారి తగలడం, పక్క టేబుల్ మీద క్రికెట్ గొడవ. ఐదు నిమిషాలు. ఎవరైనా తోడుంటే "ఈ రోజు చాయ్ చిక్కగా ఉంది కదా" అని పైకి అనండి. పైకి అంటే భావం ఇంకాస్త నిలుస్తుంది. ఇంటికి వెళ్లాక దాన్ని ఒకసారి గుర్తుచేసుకుంటే అదే సుఖం రెండోసారి దక్కినట్టు.

ఆరో అడుగు: ఇంట్లో మంచి వార్తకు మీరిచ్చే జవాబు

కష్టంలో తోడుండటం గురించి అందరూ చెబుతారు. షెల్లీ గేబుల్ అనే పరిశోధకురాలు తిరగేసి చూశారు: మంచి వార్త చెప్పినప్పుడు ఎదుటివాళ్లు ఎలా స్పందిస్తున్నారు? ఉత్సాహంగా, ఆసక్తిగా స్పందించే జంటల్లో అనుబంధం మెరుగ్గా ఉందని తేలింది. మన ఇళ్లలో మామూలుగా జరిగేది ఇదీ:

"డాడీ, స్లిప్ టెస్ట్‌లో పద్దెనిమిది వచ్చాయి."

"ఇరవైకా? మిగతా రెండూ ఎక్కడ పోయాయి?"

లేదంటే ఫోన్ మీంచి తల ఎత్తకుండా "గుడ్, గుడ్". ఇంకా ఘోరం, "అది సరే, ఫిజిక్స్ పేపర్ ఇచ్చారా?" పిల్లవాడు మరుసటి వారం చెప్పడం మానేస్తాడు. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ఏడాది వచ్చేసరికి "వాడు ఏమీ చెప్పడండీ" అని తల్లిదండ్రులు వాపోతారు.

నాలుగో దారి: ఫోన్ కింద పెట్టి, "అబ్బో! ఆ లాస్ట్ క్వశ్చన్ కష్టమన్నావు కదా, ఎలా చేశావు?" రెండు ప్రశ్నలు, రెండు నిమిషాలు. వాడు ఆ సంతోషాన్ని మీ ముందు ఇంకోసారి అనుభవిస్తాడు, మీకూ అందులో వాటా దక్కుతుంది. భార్యాభర్తల మధ్యా అంతే. "నా డిజైన్ ఓకే అయింది" అన్న మాటకు "ఇప్పుడు ఇంకా పని పెరుగుతుందేమో" అనే జవాబు శ్రద్ధతో అన్నదే అయినా సంతోషాన్ని మధ్యలో తుంచేస్తుంది. మీరు ఎంచుకున్న చెదిరే గంట ఇంట్లోదైతే ఈ అడుగును మూడోదానితో కలిపి చేయండి, ఫలితం తొందరగా కనిపిస్తుంది.

ఏడో అడుగు: నలుగురు మనుషులు, నాలుగు వైఖరులు

ఈ విషయంలో మన దగ్గర చాలా పాత పద్ధతి ఒకటుంది. పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలో 33వ సూత్రం, మనసు నిర్మలం కావడానికి నాలుగు భావాలు అలవరచుకోమంటుంది. సుఖంగా ఉన్నవాళ్ల మీద మైత్రి, దుఃఖంలో ఉన్నవాళ్ల మీద కరుణ, మంచి చేసేవాళ్లను చూసి ముదిత అంటే సంతోషం, చెడు చేసేవాళ్ల పట్ల ఉపేక్ష. ఎవరిని చూస్తే మనకు ఏ భావం తన్నుకొస్తుందో ఆలోచిస్తే ఈ జత కూర్పు ఎంత సూటిగా ఉందో తెలుస్తుంది. సుఖంగా ఉన్నవాణ్ని చూస్తే అసూయ, దుఃఖంలో ఉన్నవాణ్ని చూస్తే విసుగు, మంచి చేసేవాణ్ని చూస్తే "ఫొటోల కోసంలే" అనే అనుమానం, చెడు చేసేవాణ్ని చూస్తే రోజంతా మానని కోపం.

నగరంలో వీటికి రోజూ పరీక్షే. మీతో పాటు జాయినైన మనిషి తెల్లాపూర్‌లో విల్లా గృహప్రవేశం ఫొటోలు స్టేటస్‌లో పెట్టాడు. లోపల ఏదో కలుక్కుమంటుంది. కలుక్కుమన్నందుకు సిగ్గుపడకండి, స్టేటస్ దాటేయకుండా ఒక్క లైను రాయండి: "ఇల్లు చాలా బాగుంది అన్నా, అమ్మానాన్నలు ఎంత సంబరపడ్డారో!" ముందు చేత్తో రాస్తే మనసు వెనక నుంచి వస్తుంది, చాలాసార్లు.

ఉపేక్ష గురించి మాత్రం కాస్త జాగ్రత్తగా చెప్పాలి. రాంగ్ రూట్లో వచ్చి మీ బండికి అడ్డం పడి, పైగా మిమ్మల్నే తిట్టి పోయినవాడి విషయంలో ఉపేక్షే మేలు. వాడు రెండు నిమిషాల్లో మిమ్మల్ని మరిచిపోయాడు, మీరు మాత్రం మధ్యాహ్నం లంచ్ దాకా వాణ్ని మోస్తున్నారు. "వీడు నా దారిలో కనిపించాడు, పోయాడు" అని వదిలేయడం నేర్చుకోవాల్సిన విద్య. అదే ఆఫీసులో తోటివారి మీద ఎవరైనా వేధింపులకు పాల్పడుతుంటే ఊరుకోవడాన్ని ఉపేక్ష అనకూడదు. వదిలేయాల్సింది మన మనసులో రగిలే మంటను, చేయాల్సిన ఫిర్యాదును కాదు.

పొద్దున లేవగానే ఐదు నిమిషాలు కూర్చుని నలుగురిని, ఒక్కో రకానికి ఒక్కరిని, మనసులో తలుచుకుని ఆ భావాన్ని పంపండి. నాలుగోది కుదరకపోతే మొదటి మూడింటితోనే ఆపండి.

ఎనిమిదో అడుగు: థాంక్స్ చెప్పడం, సాయం చేయడం

సెలిగ్‌మన్ అధ్యయనంలో అన్నిటికంటే పెద్ద గెంతు ఇచ్చింది కృతజ్ఞతా లేఖ. ఎప్పుడూ సరిగ్గా థాంక్స్ చెప్పని మనిషికి ఉత్తరం రాసి, స్వయంగా వెళ్లి చదివి వినిపించడం. ఆ సంతోషం నెల దాకా ఉండి తర్వాత తగ్గింది. కాబట్టి ఇది పండగ లాంటిది, రోజువారీ సాధన కాదు.

మనకో చిక్కుంది. ఇంట్లోవాళ్లకు థాంక్స్ చెప్పడం మన అలవాటు కాదు. కూర్చోబెట్టి ఉత్తరం చదివితే అమ్మ కంగారుపడి "ఏమైందిరా? డబ్బులేమైనా కావాలా?" అంటుంది. అందుకని ఉత్తరం బదులు సంగతి చెప్పండి. "అమ్మా, నేను టెన్త్‌లో ఉన్నప్పుడు పొద్దున నాలుగింటికి నాతో పాటు లేచి కూర్చునేదానివి. నీకు ఆ రోజు డ్యూటీ కూడా ఉండేది. ఇప్పుడు నా పిల్లలకు చేస్తుంటే అర్థమవుతోంది." థాంక్స్ అనే మాట లేకపోయినా చేరాల్సింది చేరుతుంది.

సాయం సంగతికొస్తే, చిన్న చిన్నవి వారమంతా చల్లడం కంటే ఒకే రోజు ఐదు చేయడం మేలని ల్యుబోమిర్‌స్కీ బృందం గమనించింది. ఒక రోజు ఖాయం చేసుకోండి. వాచ్‌మన్ కూతురి స్కాలర్‌షిప్ ఫారం నింపడం, పై ఫ్లాట్ ఆంటీకి ఆన్‌లైన్‌లో కరెంటు బిల్లు కట్టిపెట్టడం, డెలివరీ అబ్బాయికి చల్లటి నీళ్లు, ఇలాంటివి.

తొమ్మిదో అడుగు: అబ్బురపడే నడక

2020లో వెలువడిన ఒక అధ్యయనంలో పెద్ద వయసువారిని ఎనిమిది వారాలు, వారానికోసారి పదిహేను నిమిషాలు నడవమన్నారు. సగం మందికి ఒక్క మాట అదనంగా చెప్పారు: ఆశ్చర్యం కలిగించేవాటి కోసం చూస్తూ నడవండి అని. వాళ్లలో సంతోషం, ఇతరుల పట్ల దయ ఎక్కువయ్యాయి. తమాషా ఏమిటంటే, నడకలో తీసుకున్న సెల్ఫీల్లో వారం వారం వాళ్ల బొమ్మ చిన్నదవుతూ, వెనకున్న దృశ్యం పెద్దదవుతూ వచ్చింది. నవ్వు మాత్రం వెడల్పయింది.

హైదరాబాద్‌లో ఇందుకు దూరం పోనక్కర్లేదు. రోజూ దాటిపోయే రాళ్లనే చూడండి. దుర్గం చెరువు చుట్టుపక్కల, మౌలాలి గుట్ట, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే ఆ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. చెట్లు, జంతువులు, మనుషులు ఏవీ లేనప్పటి రాయి. దాని మీద చెయ్యి పెట్టి ఒక నిమిషం నిలబడండి, మధ్యాహ్నం మీటింగ్ తన అసలు సైజుకి వస్తుంది. గోల్కొండ కోట ప్రవేశ ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీది బాలా హిస్సార్ మండపం దాకా వినిపిస్తుందని అందరికీ తెలుసు, ఫోన్ పక్కన పెట్టి నిజంగా విన్నవాళ్లు తక్కువ. ఒకరు కింద, ఒకరు పైన ఉండి ప్రయత్నించండి. రాళ్లు, కోటలు కుదరని వారం కేబీఆర్ పార్కులో నెమలి అరుపు చాలు. పార్కులో రోజూ వేగంగా నడిచేవాళ్లు ఈ ఒక్కరోజు అడుగుల లెక్క చూసే వాచీ ఇంట్లో పెట్టి రావాలి.

బలం ముదిరితే

ఏ బలమైనా అతిగా వాడితే తిరగబడుతుంది. నిజాయితీ ముదిరితే ముక్కుసూటితనం పేరుతో ఎదుటివాళ్లను గాయపరచడం అవుతుంది. దయ ముదిరితే కాదనలేక అందరి పనులూ నెత్తిన వేసుకోవడం. ఆచితూచి నడుచుకోవడం ముదిరితే ఏ నిర్ణయమూ తీసుకోలేకపోవడం. హాస్యం సంగతి సరే సరి, భార్య ఏడుస్తుంటే జోకు వేసే మగవాళ్లు ప్రతి కుటుంబంలో ఒకరుంటారు. నెలకోసారి ఇంట్లోవాళ్లను అడగండి: "నా బలం మీకు ఎప్పుడు బరువవుతోంది?" జవాబు రాగానే వాదించకండి.

ఏ వారం ఏం చేయాలి

అన్నీ ఒకేసారి మొదలుపెడితే పదో రోజుకి అన్నీ ఆగిపోతాయి. మొదటి వారం గంట పట్టుకోవడం, రెండో వారం బలాలు. మూడు, నాలుగు వారాలు మూడో అడుగు ఒక్కటే. ఐదో వారం రాత్రి మూడు సంగతులు, చాయ్ సంగతి అందులోనే కలిసిపోతుంది. ఆరో వారం మంచి వార్తకు జవాబు. చివరి రెండు వారాలు నాలుగు వైఖరులు, ఒక సాయం రోజు. నడక మాత్రం మొదటి వారం నుంచే వారానికోసారి. తొమ్మిదో వారంలో మీకు పనికొచ్చిన రెండింటిని ఉంచుకుని మిగతావి వదిలేయండి. మొహమాటం అక్కర్లేదు, అందరికీ అన్నీ సరిపడవు.

ఇది సరిపోనప్పుడు

దగ్గరివాళ్లు పోయిన కొత్తలో మూడు మంచి సంగతులు రాయమని ఎవరికీ చెప్పకండి. దుఃఖానికి దాని సమయం దానికి ఉంటుంది. భయం, కోపం కూడా ఒక్కోసారి సరైన కబురే తెస్తాయి, వాటిని పాజిటివ్ మాటలతో కప్పేస్తే కబురు అందదు.

రెండు వారాలకు మించి రోజంతా దిగులుగా ఉండటం, నిద్ర, ఆకలి మారిపోవడం, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడం, ఉన్నట్టుండి గుండె దడతో భయం ముంచుకురావడం, బతకాలనిపించకపోవడం, వీటికి నోట్‌బుక్ చాలదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబర్‌లో మొదలైన ఈ సేవ ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నగరంలో ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. "ఎర్రగడ్డకి పంపాలి వీణ్ని" అని నవ్వుకునే అలవాటు వల్ల చాలామంది ఆ పేరు వింటేనే వెనకడుగు వేస్తారు కానీ, నిద్ర పట్టకపోవడం, ఆందోళన, దిగులు వంటివాటికీ అక్కడ డాక్టర్లు చూస్తారు. అక్కడికి వెళ్లడం ఇబ్బందనిపిస్తే మీకు అందుబాటులో ఉన్న ఏ సైకియాట్రిస్ట్ దగ్గరికైనా వెళ్లండి. మందులు రాస్తే వాడండి, ఈ సాధన వాటితో పాటు నడుస్తుంది. కాస్త తేరుకున్నామనిపించగానే మందులు సొంతంగా ఆపేయకండి, ఎప్పుడు, ఎంత తగ్గించాలో డాక్టరునే అడగండి.